పదమూడు ఆదివారాల సీరియల్

1986 జులై 6, ఆదివారం

ఇంట్లో అబద్ధం చెప్పి వెళ్ళాను. "సేటు ఇంట్ల జాకెట్ల కొలతలు తీసేదుంది" అన్నాను మా ఆయనతో. కొలతలకు పది నిమిషాలు చాలు. ముప్పావు గంట కూర్చున్నాను. అదీ సోఫా మీద. తెలిస్తే ఆయన ఏమంటాడో తెలుసు — "కింద గోదాంల నేను అల్లం తూకం పట్టాలె, పైన నువ్వు వాళ్ళ సోఫాల కూసుంటవా?"

రంగుల టీవీ. మేడ మీద పొడుగాటి ఇనుప గొట్టం, దాని చివర ఏరియల్. గాలి వీస్తే బొమ్మ నీళ్ళల్లో పడ్డట్టు వణుకుతుంది. పది గంటలకు కొత్త హిందీ సీరియల్ మొదలైంది. పదమూడు వారాలేనట. బొంబాయిలో ఒక పెద్ద హవేలీ, గాజు దీపాల గుత్తులు, మెట్ల మీంచి దిగి వచ్చే కోడలు చంద్రిక. ఆమె పైట మూడు మెట్ల వెనక దాకా పాకుతూ వస్తుంది. మొగుడు పైపు కాలుస్తాడు. నవ్వడు. నా నోరు తెరుచుకునే ఉందేమో, గొంతు ఎండిపోయింది.

బస్వరాజ్ సేటు భార్య మహాదేవమ్మ టీవీ చూడటానికి పట్టుచీర కట్టుకుని కూర్చుంది. బీదర్ పిల్ల. ఇరవై ఆరేళ్ళుంటాయేమో. "ఒక్కదాన్నే చూడబుద్ధి కాదు శకుంతలక్కా. ప్రతి ఐతారం రా."

సేటు మెట్లెక్కే చప్పుడు కాగానే లేచి టేపు ఆమె భుజాన పెట్టాను. ఆయన గుమ్మంలోంచి చూసి, "కానియ్, కానియ్" అని వెళ్ళిపోయాడు. చప్పుడు దూరమయ్యేదాకా టేపు తీయలేదు.

జులై 8

చంద్రిక జాకెట్టు మెడ కాగితం మీద గీశాను. వెనక లోతుగా, రెండు దారాలు, చివర పూసలు. ఈ ఊళ్ళో ఎవరు తొడుక్కుంటారు? ముప్పై ఎనిమిదేళ్ళ దాన్ని... గీసిన కాగితం మిషన్ సొరుగులో అడుగున పెట్టాను.

జులై 13, ఆదివారం

రెండో భాగం. చంద్రిక అత్తగారికి ముత్యాల హారం, మొగుడికి ఇంకో ఆడది. ఆమె కూడా అందగత్తే.

సేటు అక్క గౌరమ్మ స్టీలు గ్లాసులో పాలు తెచ్చింది. మొగుడు పోయిన దగ్గరనుంచి తమ్ముడింట్లోనే ఉంటుందామె. తాళాలన్నీ ఆమె నడుముకే. టీవీ వైపు చూసి, "సిగ్గులేని ఆడోళ్ళు. వీపులు సూడు" అంది. "తాగు. బలానికి డాక్టర్ చెప్పిండు." మహాదేవమ్మ సగం తాగి, మొహం చిట్లించి, గ్లాసు కింద పెట్టింది. గౌరమ్మ కదల్లేదు. మిగతా సగం కూడా తాగేదాకా అక్కడే నిలబడింది.

జులై 20, ఆదివారం

పైపు మొగుడు చంద్రిక పాలలో ఏదో పొడి కలిపాడు. వెండి చెంచాతో మెల్లగా తిప్పుతూ... చెంచా చప్పుడు ఒక్కటే. ఒళ్ళు జలదరించింది. ఆ జలదరింపు బాగుంది కూడా — అది దాచడం ఎందుకు, ఇక్కడ ఎవరు చదువుతారు.

మహాదేవమ్మ నా చెవి దగ్గరికి వంగి, "అక్కా, నా పాలు గుడ చేదుంటయ్" అంది.

నవ్వాను. "టీవీ చూసి గట్లనిపిస్తున్నది మీకు."

ఆమె కూడా నవ్వింది. "గంతేనేమో."

మెట్లు దిగాక గుర్తొచ్చింది. ఆమె మొహం చిట్లించింది పోయిన వారం. అప్పటికి సీరియల్‌లో పాల సంగతే రాలేదు.

జులై 23

ఆయన అన్నం తింటూ అన్నాడు. "సేటమ్మకు తలకాయ సరిగ లేదట."

"ఎవలన్నరు?"

"సేటే. హమాలీలందరి ముందట."

భార్య గురించి హమాలీల ముందు అట్లా ఎవరైనా చెప్పుకుంటారా?

జులై 27, ఆదివారం

శ్రావణానికి నాలుగు జాకెట్లు. ఈసారి చేతులు మోచేతి దాకా కావాలంది మహాదేవమ్మ. "చంద్రిక లెక్క."

చంద్రిక జాకెట్లకు అసలు చేతులే ఉండవు. నాలుగు వారాలుగా చూస్తున్నాం ఇద్దరం.

కొలత కోసం తొడుక్కున్న జాకెట్టు చెయ్యి పైకి జరిపాను. దండచేతి మీద నాలుగు వేళ్ళ గుర్తులు, నీలంగా. బొటనవేలిది వెనక వైపు. నా చెయ్యి ఆగింది. ఆమె కిటికీ వైపు చూస్తోంది. పదిన్నర అంగుళాలు — పుస్తకంలో రాసుకున్నాను. నడుము కొలిచాను. మొదటి ఆదివారం కన్నా రెండంగుళాలు తక్కువ. అదీ రాసుకున్నాను. ఏమీ అడగలేదు.

తర్వాత సీరియల్ మొదలైంది. ఘాటు రోడ్డు, చంద్రిక కారుకు బ్రేకులు లేవు, ఆమె చెవి కమ్మలు ఊగుతున్నాయి... నీలం గుర్తులు మరిచిపోయాను. నటించడం కాదు, నిజంగానే మరిచిపోయాను. బయటికి వచ్చి చెప్పులు తొడుక్కుంటుంటే గుర్తొచ్చాయి. నన్ను చూస్తే నాకే భయమేసింది.

జులై 30

ఎవరికి చెప్పాలి? చెబితే ఆదివారం నన్ను రానిస్తారా?

రెండూ ఒకే ఊపిరిలో వచ్చాయి. అట్లాగే రాశాను.

ఆగస్టు 3, ఆదివారం

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

గౌరమ్మ పాలు తాగించి వెళ్ళింది. సీరియల్‌లో హవేలీలో పార్టీ — చంద్రిక నల్ల చీర, పైపు మొగుడి చేతిలో తుపాకీ, ఎవరిని కాలుస్తాడో తెలియదు. నా పక్కన మహాదేవమ్మ మాట ముద్దగా వస్తోంది. "అక్కా... చెయ్యి... నా చెయ్యి లేస్తలేదు..." తర్వాత తల సోఫా చేతి మీదికి వాలింది. నోటి చివర తడి. కళ్ళు పూర్తిగా మూసుకోలేదు, సగం తెరిచే ఉన్నాయి.

చూశాను. బాగా చూశాను. చూసి, మొహం టీవీ వైపు తిప్పుకున్నాను.

ఇంకో పావుగంట ఉంది. అయ్యాక లేపుదాం అనుకున్నాను. తుపాకీ పేలింది, అద్దం పగిలింది, పేర్లు పడ్డాయి. అప్పుడు ఆమె బుగ్గ తట్టాను. లేవలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టాను... ఊపిరి ఉంది. మొహాన నీళ్ళు చల్లితే మూలిగింది.

పావుగంట. ఆ పావుగంటలో ఆ ఊపిరి ఆగిపోయి ఉంటే?

ఆగస్టు 6

మిషన్ తొక్కుతుంటే సూది వేలిలో దిగింది. ఆయన పసుపు అద్దుతూ, "ఏడ వెట్టినవ్ పాణం?" అన్నాడు.

ఆగస్టు 10, ఆదివారం

ఈరోజు గౌరమ్మ గ్లాసు ఇచ్చి వెళ్ళిపోలేదు. గుమ్మంలో నిలబడింది. తర్వాత తలుపుకు ఆనుకుంది. సగానికొచ్చేసరికి చాప మీద కూర్చుంది. చంద్రిక ఏడుస్తుంటే, "గీమె గా మొగున్ని ఎందుకు ఇడిసిపెడ్తలేదు?" అంది కోపంగా.

మహాదేవమ్మ నా వైపు చూసింది.

గౌరమ్మ పొయ్యి మీద చారు దించడానికి లేచిన ఆ కొంచెంసేపట్లో మహాదేవమ్మ చెప్పింది. గబగబా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "బీదర్ల మా నాయన జాగ నా పేర్ల వెట్టిండక్కా. కాయితం మీద దస్కత్ వెట్టమంటడు ఈయన. పెట్టనన్న. అప్పటి సంది గీ పాలు." మా చుట్టూ ఉన్న జాకెట్టు గుడ్డల్లో ఏదో దోపింది. "ఎవరికన్న చూపియ్."

ఇంటికొచ్చి గుడ్డ విప్పాను. మందు బిళ్ళల రేకు. పది గుంటలూ ఖాళీ.

ఆగస్టు 12

దవాఖానకు వెళ్ళాను. సిస్టరమ్మ నా దగ్గరే కుట్టించుకుంటుంది. రేకు చూపించాను. మా చుట్టాలామెకు ఇస్తున్నారన్నాను.

ఆమె పేరు చదివి, తిప్పి చదివింది. "పిచ్చి ముదిరినోళ్ళకు ఇచ్చేది శకుంతలా. మంచిగున్న మనిషికి రోజూ ఇస్తే ఉన్న తెలివి పోతది. ఎవలామె?"

"చుట్టాలామె."

"డాక్టర్ సాబుకు చూపియ్యమను. జల్ది."

వస్తూ దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. సేటు జీపు లాంటి జీపు ఒకటి పోయింది. ఆయనది కాదు.

ఆగస్టు 13

ఆయనకు చెప్పేశాను. పాలు, రేకు, నీలం గుర్తులు. సోఫా సంగతి, సీరియల్ సంగతి కూడా. ఆగస్టు మూడు సంగతి తప్ప అన్నీ.

ముద్ద చేతిలోనే పట్టుకుని విన్నాడు. "పెద్దోళ్ళ ఇంటి ముచ్చట. మనకెందుకే? పద్నాలుగేండ్ల సంది ఆ గోదాంల చేస్తున్న. నోరు మూస్కో. ఐతారం గుడ పోకు."

"పోకుంటే ఆమె దగ్గరికి పోయేటోళ్ళు ఎవలు లేరు."

"ఆమె కోసం పోతున్నవా, టీవీ కోసమా?"



ఆగస్టు 17, ఆదివారం

వెళ్ళాను. చెవిలో చెప్పాను: తాగినట్టు చెయ్యండి, కొంగులో గిన్నె పెట్టుకొని ఒంపండి. గౌరమ్మ ఇప్పుడు సీరియల్ మొదలైతే ఇటు తిరగదు. చిన్న స్టీలు గిన్నె, టేపుల సంచిలో నేనే తీసుకెళ్ళాను. ఒంపింది. ఒక చుక్క పట్టుచీర మీద పడితే ఇద్దరం ఊపిరి బిగబట్టాం. గౌరమ్మ టీవీ వైపే చూస్తోంది.

గిన్నెడు పాలు సంచిలో పెట్టుకుని సేటు ముందునుంచే మెట్లు దిగాను.

ఆగస్టు 24, ఆదివారం

వారం రోజులుగా సగమన్నా ఒంపేస్తోందట. కళ్ళల్లో వెలుగొచ్చింది. చంద్రిక ఏడిస్తే ఏడ్చింది, పైపు మొగుణ్ణి కన్నడంలో తిట్టింది. గౌరమ్మ కూడా తిట్టింది. ముగ్గురం నవ్వాం. చాలా రోజుల తర్వాత నవ్వు.

నవ్వు మధ్యలో వెనకనుంచి గొంతు. సేటు. ఎప్పుడు వచ్చాడో, సోఫా వెనక నిలబడి ఉన్నాడు.

"టైలరమ్మా, నీకు హిందీ మంచిగ సమజైతదా?"

"జర జర సమజైతది సేటు."

"సమజ్ కాకుంటెనే మంచిది. ఉత్త బొమ్మలు." నా భుజం పక్కనుంచి చెయ్యి చాపి భార్య చేతిలోని గ్లాసు తీసుకున్నాడు. అడుగు చూశాడు. వాసన చూశాడు. "ఇయ్యాల మస్తు హుషారుగున్నది మా ఆమె."

ఎంతో మెత్తగా అన్నాడు. పైపు మొగుడు కూడా అరవడు. కానీ వాడు పేర్లు పడగానే పోతాడు. ఈయన అక్కడే ఉంటాడు.

ఆగస్టు 31, ఆదివారం

వెళ్ళలేదు. జ్వరమని కబురు పెట్టాను. జ్వరం లేదు.

తొమ్మిదిన్నరకు మిషన్ ముందు కూర్చున్నాను. పావుతక్కువ పదికి దారం తెగింది. పదికి ఐదు నిమిషాలుందనగా తాళం వేసి బయటపడ్డాను. వెనక గల్లీలో ఒకరింట్లో నలుపు తెలుపు టీవీ ఉంది, కిటికీ దగ్గర జనం నిలబడి చూస్తారు. వాళ్ళ వెనక నిలబడి చూశాను. మొత్తం చూశాను. వానలో.

మహాదేవమ్మ మొహం చూడటానికి భయపడ్డాను. చంద్రిక మొహం చూడకుండా ఉండలేకపోయాను. ఇంతకన్నా సిగ్గుమాలిన పని నేనెప్పుడూ చేయలేదు.

సెప్టెంబరు 7, ఆదివారం

వెళ్ళాను. గుర్తుపట్టేలా లేదు మనిషి. పెదవులు ఎండి చీలాయి. చెయ్యి ఒళ్ళో పెడితే ఒళ్ళోనే, పక్కన పెడితే పక్కనే. ఇప్పుడు పాలు సేటే స్వయంగా తాగిస్తున్నాడట, మూడు పూటలా, గడ్డం పట్టుకుని.

ముప్పావు గంటలో ఒక్క మాట అంది. "నువ్వు రాలె."

టీవీలో ఏం జరిగిందో గుర్తులేదు. మొదటిసారి.

సెప్టెంబరు 11

ఆయన పని నుంచి త్వరగా వచ్చాడు. చెప్పులు విడవకుండానే గడప మీద కూర్చున్నాడు.

"సోమారం పొద్దుగాల జీపు తయారుంచమన్నడు సేటు. ఆమెను పట్నంల పిచ్చాసుపత్రిల శెరీక్ చేస్తడట. దస్కత్ ఇగ అక్కరనే లేదట, పిచ్చిదని కాయితం వస్తే చాలట. నవ్వుకుంట చెప్పిండు."

పొయ్యి మీద అన్నం మాడింది.

సెప్టెంబరు 12

ఆయనతో అన్నాను: "ఐతారం సీరియల్ వచ్చేటప్పుడు గోదాం వెనక దర్వాజ తీసుంటే చాలు. నువ్వేం జెయ్యకు."

"నాకు చెప్పకు. నాకేం తెల్వదు. నేనేం ఇనలేదు."

గోడవైపు తిరిగి పడుకున్నాడు. తాళంచెవుల గుత్తి ఎప్పుడూ మేకుకు ఉండేది, ఇవాళ తలకింద పెట్టుకున్నాడు. నాకు దొరకకుండానా? తెలియదు. ఈ మనిషి సేటుకు చెబుతాడా అని కూడా ఒక క్షణం అనిపించింది. పదహారేళ్ళ కాపురం... అయినా అనిపించింది.

సెప్టెంబరు 13

నా పాత నూలుచీర, జాకెట్టు మడిచి టేపుల సంచిలో పెట్టాను. బీదర్ బస్సు పదీ ఇరవైకి. అన్నం సయించడం లేదు.

సెప్టెంబరు 14, ఆదివారం

అక్షరాలు ఎట్లా వస్తే అట్లా.

పదకొండో భాగం. చంద్రిక మేడ అంచున నిలబడింది. దూకుతుందా, మొగుడే తోస్తాడా. గౌరమ్మ చాప మీద ముందుకు జరిగి కూర్చుంది, నోట్లో వక్క నమలడం కూడా ఆపేసింది.

"ఒక కొలత మిగిలింది పెద్దమ్మా. లోపటి అర్రల తీస్త."

"ఊఁ."

ఇటు చూడలేదు.

మహాదేవమ్మ పట్టుచీర విప్పి నా పాత చీర కట్టాను. నిలబడదు — గోడకు ఆనించి కట్టాను. ఒళ్ళంతా ఎముకలే. "ఏడికక్కా?" "మీ అమ్మ దగ్గరికి. మాట్లాడకున్రి." వెనక మెట్లు. ఒక్కో మెట్టుకు ఆమె పాదం నేనే చేత్తో దించాను. గోదాం చీకటిగా, అల్లం ఘాటు. బస్తాల వరుసల మధ్య ఇరుకు దారి. ముందు గదిలో సేటు ఎవరితోనో మాట్లాడుతున్నాడు, నవ్వుతున్నాడు. వెనక తలుపు దగ్గరికి వెళ్ళేదాకా నాకు తెలియదు, తీసి ఉందో లేదో. చెయ్యి వేశాను.

తాళం తెరిచి కొండీకి వేలాడుతోంది.

ఆయన అక్కడ లేడు. ఎక్కడా లేడు.

బస్టాండు ఐదు నిమిషాల నడక. పన్నెండు నిమిషాలు పట్టింది. ఎదురైన ప్రతి మనిషీ సేటు మనిషే అనిపించాడు. ఆమె కాళ్ళకు చెప్పులు లేవని బస్సెక్కించేటప్పుడు చూశాను. గోదాం వెనక ముందే పెట్టి, తొడుక్కుని వచ్చిన నా చెప్పులు విడిచి ఇచ్చాను. ముందు సీట్లో ఒక ముసలామె — బీదర్ వరకేనట. "నా చెల్లె. పానం మంచిగ లేదు. జర దించున్రి" అన్నాను. మహాదేవమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఏమాత్రం బలం లేని పట్టు.

"నువ్వు గుడ రా అక్కా."

పోవచ్చు. కానీ నేను కనబడకపోతే గౌరమ్మకు వెంటనే తెలిసిపోతుంది, జీపు బస్సును అందుకుంటుంది. వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకున్నాను.

చెప్పులు లేకుండా పరుగు. గోదాం, మెట్లు, లోపలి గది. ఊపిరి దిగమింగి వెళ్ళి సోఫాలో కూర్చున్నాను.

"ఆమె ఏది?" అంది గౌరమ్మ, టీవీ మీదనుంచి కళ్ళు తీయకుండా.

"పండుకున్నది పెద్దమ్మా. కొలతలు తీసుకుంటుంటెనే నిద్ర వట్టింది."

"పండనియ్."

మిగిలిన పది నిమిషాలూ చూశాను. అద్దాలు, నగలు, ఎవరో అరిచారు. ఏదీ నాలోకి రాలేదు. నా కాళ్ళకున్న బురద చాప మీద అంటింది. చీరతో తుడిచాను.

దిగుతుంటే మెట్ల కింద సేటు. "ఇంకెన్ని జాకెట్లున్నయ్ టైలరమ్మా?"

"ఒక్కటే సేటు."

నా కాళ్ళ వైపు చూశాడు.

సెప్టెంబరు 15

పొద్దున్నే సేటు వచ్చాడు. ఒక్కడే. నా మిషన్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కత్తెర చేతిలోకి తీసుకుని తెరిచాడు, మూశాడు.

"నర్సింలు, నిన్న ఎనక దర్వాజ ఎవలు తీసిన్రు?"

ఆయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నేను తలుపు చాటున.

"నేనే మర్షిపోయిన సేటు. తాళం ఎయ్యలే."

"పద్నాలుగేండ్ల సంది మర్వలేదు."

"నిన్న మర్షిన."

కత్తెర మిషన్ మీద పెట్టాడు సేటు. "రేపటి సంది రాకు." గుమ్మంలో ఆగి, తలుపు సందులోంచి నన్నే చూస్తూ — "బీదర్ ఎంత దూరమున్నది టైలరమ్మా? గంట తొవ్వ. జీపుల ఇంక జల్ది."

సేటు గల్లీ దాటాక ఇద్దరం కింద కూర్చుండిపోయాం. నిజంగా మరిచిపోయాడా అని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

సెప్టెంబరు 16

బీదర్‌లో దిగిందో లేదో.

సెప్టెంబరు 18

కుట్టమని ఇచ్చిన గుడ్డలు నాలుగిళ్ళవాళ్ళు తిరిగి తీసుకెళ్ళారు. "తర్వాత ఇస్త తీ శకుంతలా." ఎవరూ కళ్ళల్లోకి చూడరు. "సేటమ్మ పిచ్చి లేసి ఉరికిందట. ఎవలో ఉసిగొల్పిన్రట" అని బోరింగు దగ్గర.

తలుపు గొళ్ళెం పట్టపగలు కూడా వేసుకుంటున్నాను. జీపు చప్పుడైతే మిషన్ ఆపేస్తాను.

సెప్టెంబరు 21, ఆదివారం

పన్నెండో భాగం. వెళ్ళలేదు, ఏ కిటికీ దగ్గరికీ వెళ్ళలేదు.

చంద్రిక దూకిందా? ఇంత జరిగాక కూడా అడగబుద్ధి అయింది. ఆయన పాత బస్తాసంచి కుట్టుకుంటున్నాడు, పని లేక. చెంప పగలగొట్టుకోవాలనిపించింది.

సెప్టెంబరు 24

బీదర్ నుంచి మహాదేవమ్మ తమ్ముడు వచ్చాడు. మెల్లగా తలుపు కొట్టాడు. తీయడానికి మా ఇద్దరికీ ధైర్యం చాలలేదు. "అక్క పంపింది" అన్నాకే గొళ్ళెం తీశాను.

బతికే ఉంది. చేతుల వణుకు పోలేదట, నిద్రలో అరుస్తోందట, కానీ మాట తిన్నగా వస్తోంది.

కూర్చోమంటే కూర్చోలేదు. "ఐతారం పది గంటలకు రెండు దిక్కుల పెద్దమనుషులు కూసుంటరు. సేటు ఇంట్లనే. అక్క చెప్పుడు చెప్తది, కని పిచ్చిదాని మాట అంటడు ఆయన. గౌరమ్మ తమ్మున్ని ఇడిసి చెప్పది. చూసినోళ్ళు మీరొక్కరే ఉన్నరు. వస్తరా?"

ఆయన వైపు చూశాను. "నీ ఇష్టం" అన్నాడు. కోపంగా కాదు.

"వస్త" అన్నాను.

సెప్టెంబరు 26

సేటు మనిషి ఒకడు గల్లీ చివర బండి ఆపుకుని రెండు రోజులుగా ఉంటున్నాడు. ఏమీ చేయడు. బీడీ కాలుస్తాడు. ఇవాళ నీళ్ళకు పోతుంటే అన్నాడు: "మిషన్ మంచిగ నడుస్తున్నదా అక్కా? నడవాలె మల్ల."

ఏం చెప్పాలో వరసగా అనుకుంటున్నాను. జులై 13, పాలు. జులై 27, చెయ్యి. ఆగస్టు 12, సిస్టరమ్మ. పెద్దమనుషులు ఊరికే వినరు. అడుగుతారు — నీకు ఎప్పటి సంది తెలుసు? తెలిసి గన్ని దినాలు ఎందుకు ఊకున్నవ్?

సేటు తప్పకుండా అడుగుతాడు. ఆ మెత్తటి గొంతుతో.

సెప్టెంబరు 27

ఆగస్టు మూడు సంగతి ఆయనకు చెప్పాను. ఆమె పడిపోతుంటే చూసి, టీవీ వైపు తిరిగిన సంగతి. పావుగంట.

బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాడు. వేళ్ళు ఆగాయి. "గది గుడ చెప్తవా?"

"అడిగితే."

"అడుగుతరు."

చాట పక్కన పెట్టాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. కొంచెంసేపయ్యాక అన్నాడు, "గది చెప్పకుంటే మిగిలింది నమ్ముతరేమో. చెప్తే, గిదొక సినిమా పిచ్చి ఆడిది అంటరు." నిజమే. ఇంకొంచెంసేపయ్యాక, "చెప్పకుంటే నీకు అన్నం దిగుతదా?" అదీ నిజమే.

సెప్టెంబరు 28, ఆదివారం

తొమ్మిదీ ముప్పావు.

పదమూడో భాగం. ఎవరింట్లోనో టీవీ పెట్టారు అప్పుడే, ఏదో ప్రకటన పాట వినిపిస్తోంది. ఈరోజు చివరికి ఏమవుతుందో ఊరంతటికీ తెలుస్తుంది, నాకు తప్ప. సేటు హాలులో అదే సోఫాల మీద పెద్దమనుషులు కూర్చుంటారు. నేను నిలబడతాను.

ఆయన కడిగిన చొక్కా వేసుకుని గుమ్మంలో ఉన్నాడు. నావెంట వస్తాడట. లోపలికి రానివ్వకపోతే బయట నిలబడతాడట.

జీపు ఆగింది. బీదర్ వాళ్ళది. ఆయన తొంగి చూసి, "ఆమె గుడ వచ్చింది" అన్నాడు.

కిటికీ సందులోంచి చూశాను. మహాదేవమ్మ. తమ్ముడి పక్కన, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని. మొహం కాస్త తేరుకుంది. నా గుమ్మం వైపే చూస్తోంది. నవ్వుతోంది కూడా, నేను వస్తున్నానని.

ఆమె ఎదుటే చెప్పాలి. ఆ రోజు ఆమె కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. నేను మొహం తిప్పుకోవడం చూసిందో, చూడలేదో... రెండు నెలలుగా ఆమె నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

ఆయన పిలుస్తున్నాడు. పుస్తకం మూస్తున్నాను.